సజ్దాలో నొప్పి: పదే పదే వచ్చే సైనస్‌కు కారణం వెదకండి

గత చలికాలంలో మా ఆపా కొన్ని రోజులు మా ఇంట్లో గడిపారు. ఒకనాడు ఆమె ఫజ్ర్ నమాజు చేస్తూ ఉండగా ఒక సంగతి నా కంటబడింది. సజ్దాకు వంగే ముందు ఆమె ఒక్క క్షణం ఆగుతున్నారు. ఎడమ బుగ్గను చేతితో అదుముకుని, ఆ తరువాతనే నుదుటిని నేలకు ఆనిస్తున్నారు. సలాము చెప్పి నమాజు ముగించాక "ఏమయింది ఆపా?" అని అడిగాను. "ఏముంది, ఆ పాత సైనసే. వంగితే ముఖం బద్దలవుతున్నట్లుంటుంది. అలవాటైపోయింది. సబర్ చేసుకుంటున్నాను" అన్నారు.

ఆ బాధ వయసు అప్పటికి రెండు సంవత్సరాలు. ఆ రెండేళ్ళలో ఆమె ఆరేడు పర్యాయాలు యాంటీబయాటిక్ మందులు వాడారు. వాడినప్పుడల్లా కొంత తగ్గేది, నెల తిరగకముందే మళ్ళీ మొదలయ్యేది. ముక్కులో వేసుకునే చుక్కల మందు సీసా ఎప్పుడూ దిండు క్రిందనే ఉండేది. "ఆపా తలనొప్పి" అన్నది మా కుటుంబంలో అందరికీ తెలిసిన మాట. అది ఎందుకు వస్తున్నదని మాత్రం ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సహనం విశ్వాసికి గొప్ప సంపద, సందేహం లేదు. అయితే వ్యాధికి కారణం వెదకకుండా ఊరుకోవడం సహనం కాదు. చికిత్స చేయించుకోండని దైవప్రవక్త (స) తన అనుచరులకు ఆదేశించారు. అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి మందు లేకుండా దించలేదని తెలియజేశారు. మందు ఉన్నదంటే దానిని వెదికే బాధ్యత మనపై ఉన్నదని అర్థం. తాత్కాలిక ఉపశమనంతో సరిపెట్టుకుంటే ఆ బాధ్యత తీరదు.

సైనస్ అంటే ఏమిటి?

సైనస్ అన్నది వ్యాధి పేరు కాదు. మన ముఖపు ఎముకలలో గాలితో నిండిన చిన్న గదులు ఉన్నాయి. అవి నాలుగు జతలు. ఒక జత బుగ్గల వెనుక, ఒకటి నుదుటిలో, ఒకటి రెండు కళ్ళ నడుమ, మరొకటి వాటికి ఇంకా వెనుకగా పుర్రె లోతులో ఉంటాయి. వీటి లోపలి పొర పలుచని శ్లేష్మాన్ని తయారుచేస్తుంది. కంటికి కనిపించని సన్నని నూగు ఆ శ్లేష్మాన్ని నెట్టుకుంటూ సన్నని దారుల గుండా ముక్కులోకి చేరుస్తుంది. బుగ్గ వెనుక గదికి ఆ దారి అడుగున కాక పైభాగంలో ఉంటుంది. కనుక అక్కడి శ్లేష్మం పైకి ప్రయాణించవలసి ఉంటుంది. వాపు వలన దారి మూసుకుపోతే శ్లేష్మం లోపలే నిలిచిపోతుంది, సూక్ష్మజీవులకు ఆశ్రయమవుతుంది. ముందుకు వంగినప్పుడు, అంటే రుకూలోనూ సజ్దాలోనూ, బరువు, నొప్పి ఎక్కువగా తెలియడానికి ఇదే కారణం.

జలుబుతో వచ్చే సైనస్ వాపు చాలావరకు వైరస్ వలన కలుగుతుంది, వారం పది రోజులలో దానంతట అదే తగ్గుతుంది. వైరస్‌పై యాంటీబయాటిక్ పనిచేయదు. చీమిడి పసుపుపచ్చగా మారినంత మాత్రాన ఆ మందు అవసరమని కాదు. పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గినట్లే తగ్గి మళ్ళీ తీవ్రమైనా, మొదటి రోజులలోనే చీముతో పాటు అధిక జ్వరం కొనసాగినా వైద్యుడు దాని అవసరాన్ని నిర్ణయిస్తారు. పన్నెండు వారాలకు మించి బాధ కొనసాగినా, సంవత్సరంలో నాలుగు సార్లు లేక అంతకన్నా ఎక్కువగా తిరగబెట్టినా, దాని వెనుక మరేదో కారణం ఉందేమో చూడాలి.

కారణాలు ఎక్కడ దాగి ఉంటాయి?

మొదటిది అలర్జీ. వరుస తుమ్ములు, ముక్కులో దురద, కళ్ళ వెంట నీరు దీని గుర్తులు. పరుపులలోని దుమ్ము పురుగులు, బొద్దింకలు, తడిగోడలపై పట్టే బూజు, పెంపుడు జంతువుల నూగు దీనికి సాధారణ కారణాలు. మన ఊళ్ళలో ఖాళీ స్థలాలన్నింటా పెరిగే వయ్యారిభామ మొక్క పుప్పొడి కూడా చాలామందికి పడదు.

రెండవది పొగ. దోమల చుట్టలు, అగరువత్తులు, ఊదు, లోబాన్, వంటింటి తాలింపు ఘాటు, ఇంట్లో ఎవరైనా కాల్చే బీడీ, సిగరెట్టు ముక్కు పొరను నిత్యం ఒరిపిడికి గురిచేస్తాయి. సువాసన దైవప్రవక్త (స)కు ఇష్టమైనదే. కానీ ఇంట్లో ఒకరికి శ్వాస ఆడకుండా చేసే పొగ మానుకోవడమే మేలు. అత్తరు పడినవారు దానితో తృప్తి చెందవచ్చు.

మూడవది ముక్కు నిర్మాణం. ముక్కు దూలం బాగా వంకరగా ఉండడం, ముక్కులో కండ పెరగడం వలన దారులు మూసుకుపోతాయి. వాసన తెలియకపోవడం కండ పెరుగుదలకు ఒక ముఖ్య సూచన. ఇలాంటివారిలో కొందరికి ఉబ్బసం కూడా ఉంటుంది. వీరిలో కొందరికి ఆస్పిరిన్, ఆ కోవకు చెందిన నొప్పి మాత్రలు ప్రమాదకరం. మందుల దుకాణంలో నొప్పి మాత్ర అడిగే ముందు ఈ సంగతి వైద్యునికి తెలియజేయాలి.

నాలుగవది మనం వాడే మందే. ముక్కు దిబ్బడను నిమిషాలలో విడిపించే చుక్కల మందును మూడు నుండి అయిదు రోజులకు మించి వాడితే, మందు ప్రభావం తగ్గగానే దిబ్బడ మునుపటికన్నా ఎక్కువగా వస్తుంది. మళ్ళీ చుక్కలు వేసుకుంటారు. ఈ విధంగా నెలలు గడిచిపోతాయి. వైద్యులు వ్రాసే స్టెరాయిడ్ స్ప్రే దీనికి భిన్నమైనది. అది వెంటనే పనిచేయదు, అలవాటుగానూ మారదు. కొన్ని వారాలు క్రమంగా వాడితేనే ఫలితం తెలుస్తుంది. రెండు రోజులు వాడి "పని చేయలేదు" అని మానేయడం చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు.

అయిదవది పన్ను. పై దవడ పళ్ళ వేర్లు బుగ్గ వెనుక గది అడుగుభాగానికి అతి సమీపంలో ఉంటాయి. వేరు వద్ద చీము పడితే అది సైనస్‌లోకి ప్రాకుతుంది. అప్పుడు బాధ ఒకే వైపు ఉంటుంది, తరచు దుర్వాసన తోడవుతుంది. పన్ను మాత్రం నొప్పి పెట్టకపోవచ్చు.

ఇవి కాక, సైనస్ అని మనం పిలిచే తలనొప్పులలో పెక్కు నిజానికి మైగ్రేన్ కావచ్చు. ముక్కు దిబ్బడ, చీమిడి పెద్దగా లేకుండా తలనొప్పి వస్తూ, దానితో పాటు వికారం ఉండి, వెలుతురునూ శబ్దాన్నీ భరించలేకపోతే ఈ కోణంలో ఆలోచించాలి. పిల్లల విషయంలో నోటితో శ్వాసించడం, గురక పెట్టడం ముక్కు వెనుక ఉండే అడినాయిడ్ల వాపుకు సూచనలు కావచ్చు. చిన్నపిల్లల ముక్కులో ఒకే వైపు నుండి దుర్వాసనతో చీమిడి కారుతుంటే ఏ పూసో, చింతగింజో ఇరుక్కున్నదేమో చూపించాలి.

ఒక చిన్న పుస్తకం చెప్పిన సంగతి

వీటిలో ఆపా బాధకు కారణం ఏది? ఒక నెల పాటు చిన్న నోటుపుస్తకంలో వ్రాయమని ఆమెను కోరాను. ఏ రోజు వచ్చింది, ఏ వేళ, ఏ వైపు, అంతకు ముందు ఏమి చేశారు, చీమిడి రంగు ఎలా ఉంది, వాసన ఉందా. ఇంతే. ఆమె మొదట నవ్వారు. తరువాత శ్రద్ధగా వ్రాశారు.

నెల చివర ఆ పేజీలు చూశాము. తుమ్ములు లేవు, దురద లేదు. ఇల్లు దులిపిన రోజుకూ మామూలు రోజుకూ తేడా లేదు. కానీ ప్రతి పేజీలోనూ "ఎడమ" అనే మాట ఉంది. అయిదారు చోట్ల "చెడువాసన" అని ఉంది. ఆ పుస్తకం తీసుకుని ఇ.ఎన్.టి. వైద్యుని వద్దకు వెళ్ళాము. ఆయన రెండు పేజీలు తిప్పి అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మా, ఎడమవైపు పై దవడలో ఏ పంటికైనా ఎప్పుడైనా వైద్యం చేయించుకున్నారా?" అని. నాలుగేళ్ళ క్రితం ఒక దవడ పంటికి వేరు వైద్యం జరిగింది. ముక్కుకూ పంటికీ సంబంధం ఉంటుందని తెలియక, ఆపా ఆ సంగతి ఏ వైద్యునికీ చెప్పలేదు. ఎండోస్కోపీ, సి.టి. స్కాన్ చేయించారు. ఎడమ బుగ్గ వెనుక గది ఒక్కటే నిండి ఉంది. దాని క్రింద ఆ పంటి వేరు వద్ద చీము ఉంది.

దంత వైద్యుడు ఆ పన్ను తొలగించారు. సైనస్‌కు మరికొన్ని వారాలు చికిత్స సాగింది. అల్లాహ్ దయవలన ఆపా ఇప్పుడు తడుముకోకుండా సజ్దా చేస్తున్నారు. "ఇన్నాళ్ళూ సజ్దాలో దుఆ చేయడం మానేశాను. ఎప్పుడు తల ఎత్తుదామా అనే ధ్యాసే ఉండేది" అని ఆమె తరువాత చెప్పారు. ఆ మాట విన్నప్పటి నుండి, ఇంట్లో ఎవరైనా "అలవాటైపోయింది" అంటే నాకు భయం కలుగుతుంది.

అందరి బాధకూ పన్నే కారణం కాదు. మీ పుస్తకం మరొక కారణాన్ని చూపవచ్చు. సోమవారాలు మాత్రమే వస్తే, ఆదివారం నాటి ఇల్లు దులపడం కారణం కావచ్చు. బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు తగ్గిపోతే, మన పడకగది తడిగోడను చూడాలి. వైద్యుని ముందు కూర్చున్న కొద్ది నిమిషాలలో రెండేళ్ళ బాధను గుర్తుచేసుకోవడం కష్టం. వ్రాసుకున్నది ఆ లోటు తీరుస్తుంది.

ముక్కు శుభ్రత, నీటి జాగ్రత్త

ఉప్పు నీటితో ముక్కు కడగడం దీర్ఘకాల సైనస్‌కు మంచి ఉపశమనమిస్తుంది. అర లీటరు నీటిని తెర్లించి, కనీసం ఒక నిమిషం బాగా మరగనిచ్చి, గోరువెచ్చగా చల్లార్చాలి. అయోడిన్ కలపని ఉప్పు ఒక చిన్న చెంచా, చిటికెడు వంటసోడా కలపాలి. శుభ్రమైన సీసాతో ఒక ముక్కురంధ్రంలో పోస్తే రెండవ దాని నుండి బయటకు వస్తుంది. ఆ సమయంలో నోటితో శ్వాసించాలి. ప్రతిసారీ సీసాను కడిగి ఆరబెట్టాలి.

నీటిని మరిగించమని చెప్పడానికి గట్టి కారణం ఉంది. వెచ్చని మంచినీటిలో నెగ్లేరియా అనే అమీబా ఉండవచ్చు. త్రాగితే హాని చేయదు. ముక్కు లోతుకు చేరితే మాత్రం మెదడుకు ప్రాకుతుంది. ఈ వ్యాధి చాలా అరుదు, కానీ సోకినవారు బ్రతకడం కష్టం. కేరళలో 2024, 2025 సంవత్సరాలలో మెదడుకు సోకే ఇటువంటి అమీబా వ్యాధులు వెలుగు చూశాయి. పాకిస్తాన్‌లోని కరాచీలో, ఈత కొట్టే అలవాటు లేనివారికి కూడా ఇది సోకినప్పుడు వైద్యులు వుజూ నీటిపై దృష్టి సారించారు.

కనుక వుజూ మానాలా? ఎంతమాత్రం కాదు. ముక్కులో నీరు ఎక్కించి చీదడం దైవప్రవక్త (స) నేర్పిన శుభ్రత. లోతుగా పీల్చమని చెప్పిన హదీసులోనే ఉపవాస స్థితిలో అలా చేయవద్దనే మినహాయింపు కూడా ఉంది. కనుక సందర్భాన్ని బట్టి మృదువుగా పీల్చడానికి అవకాశం ఉందని గ్రహించవచ్చు. ఇంటి ట్యాంకును, మస్జిదు హౌజును క్రమం తప్పక కడిగించి క్లోరిన్ వేయించండి. చెరువులు, కుంటల నీటిని, శుద్ధి చేయని నీటిని ముక్కు లోతుకు పీల్చకండి.

నమాజు, ఉపవాసం

బాధ తీవ్రంగా ఉన్నప్పుడు ధర్మం మనకు సౌలభ్యం ఇచ్చింది. వ్యాధితో బాధపడుతున్న ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (స) నిలబడి నమాజు చేయమనీ, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని చేయమనీ చెప్పారు. సజ్దాకు వంగలేనివారు తలతో సైగ చేయవచ్చు. రమజాన్‌లో ముక్కు కడగడం, స్ప్రే వాడడం ఇఫ్తార్ తరువాత, సహరీకి ముందు చేసుకునేలా వేళలు మార్చవచ్చా అని వైద్యుణ్ణి అడగండి. పగటిపూట ముక్కులో వేసిన మందు గొంతులోకి దిగితే ఉపవాసం భంగమవుతుందని పెక్కు ధర్మవేత్తల అభిప్రాయం. అంతగా అవసరమైతే మీ ఆలిమ్‌ను సంప్రదించండి. వ్యాధిగ్రస్తులు ఆ రోజుల ఉపవాసాలను తరువాత పూర్తి చేసుకునే అనుమతి దివ్య ఖుర్ఆన్‌లోనే ఉంది.

ఆలస్యం చేయకూడని సూచనలు

కంటి చుట్టూ వాపు, ఎరుపు, ఒకటి రెండుగా కనిపించడం, చూపు మందగించడం, నుదుటిపై వాపు, భరించలేని తలనొప్పితో మెడ పట్టుకుపోవడం, మగత వంటివి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. మధుమేహం అదుపులో లేనివారికి ముఖంలో ఒకవైపు తిమ్మిరి, ముక్కులో లేక అంగిలిపై నల్లని మచ్చ కనిపిస్తే గంటలు కూడా విలువైనవే. 2021లో కరోనా రెండవ అల సమయంలో బ్లాక్ ఫంగస్ ఎన్ని ఇళ్ళలో విషాదం నింపిందో మనం మరచిపోలేదు.

చివరిగా కుటుంబ పెద్దలకు ఒక విన్నపం. మన ఇళ్ళలో తల్లులు, ఆపాలు, కోడళ్ళు తమ బాధను చివరన చెబుతారు, లేదా చెప్పనే చెప్పరు. ఈ రోజు ఇషా తరువాత వారి వద్ద కూర్చుని ఒక్క మాట అడగండి: "సజ్దాలో ఎక్కడైనా నొప్పి ఉంటుందా?" జవాబు అవునని వస్తే ఒక నోటుపుస్తకం కొని చేతికివ్వండి. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు మీరూ తోడుగా వెళ్ళండి. అల్లాహ్ మన ఇళ్ళలోని వ్యాధిగ్రస్తులందరికీ సంపూర్ణ స్వస్థతను ప్రసాదించుగాక! ఆమీన్.