మార్చి చూడాలా, పరీక్షించి చూడాలా?

పూర్తిగా ఆగిపోయిన కంప్యూటర్‌తో పెద్ద చిక్కేమీ ఉండదు. స్విచ్ నొక్కితే పలకదు, మళ్లీ నొక్కినా పలకదు. ఒక్కో పార్టూ తీసి చూస్తే పూట తిరక్కుండానే ఏది పోయిందో తేలిపోతుంది. ప్రాణం తీసేది ఇంకో రకం. పొద్దంతా బుద్ధిగా పనిచేస్తుంది, రాత్రి పదింటికి వీడియో రెండర్ తొంభై శాతం దాటాక చటుక్కున స్క్రీన్ నల్లబడి రీస్టార్ట్ అవుతుంది. మర్నాడంతా ఏమీ జరగదు. ఆ మర్నాడు బ్రౌజర్ తెరిచి వార్తలు చదువుకుంటుంటే బ్లూ స్క్రీన్. బ్రాండెడ్ సిస్టమ్ అయితే ఫోన్ చేసి కంపెనీ నెత్తిన పడేయొచ్చు. మనమే పార్టులు ఏరుకుని బిగించుకున్న డెస్క్‌టాప్‌కి ఆ సుఖం లేదు. ప్రాసెసర్ వారంటీ ఒకరిది, మదర్‌బోర్డు వారంటీ ఇంకొకరిది, ర్యామ్‌కీ, కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్‌కీ, గ్రాఫిక్స్ కార్డుకీ తలో కంపెనీ. లోపం మాది కాదు అని ప్రతివాళ్లూ చెప్పగలరు. ఎవరిదో రుజువు చేయాల్సింది బిగించుకున్నవాడే.

రుజువుకి రెండు దారులున్నాయి. అనుమానమున్న పార్టు తీసేసి వేరేది పెట్టి చూడటం ఒకటి. పార్టులన్నీ ఉన్నచోటే ఉంచి, లాగ్‌లు చదివి, ఒక్కోదాని మీదా గట్టి పరీక్షలు నడిపి చూడటం రెండోది. దుకాణాల్లో చేతులు అరిగినవాళ్లు మొదటిదాన్ని నమ్ముతారు, ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవాళ్లు రెండోదాన్ని. ఒకరంటే ఒకరికి గౌరవం అంతంతమాత్రమే.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరి నోటా అది సీటీసీ. అలాంటి బజార్లలో సర్వీస్ కౌంటర్ దగ్గర కాసేపు నిలబడితే ఈ సంభాషణ వినబడకుండా ఉండదు.

"ఏమైంది తమ్ముడూ?"

"ఊరికే రీస్టార్ట్ అయిపోతోంది అన్నా."

"ఎప్పుడు? గేమ్ ఆడేటప్పుడా?"

"ఎప్పుడని చెప్పలేం అన్నా."

"సరే, ఫార్మాట్ కొట్టి చూద్దాం."

"మొన్నే కొట్టించా అన్నా."

ఈ ఫార్మాట్ సలహా సంగతి ఇక్కడే తేల్చేసుకోవచ్చు. విండోస్ మీద అనుమానముంటే, హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా తుడిచేయనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసుకుని దాన్నుంచి బూట్ చేసి, బరువైన పని పెట్టి వదిలేయండి. అక్కడ కూడా సిస్టమ్ పడిపోతే విండోస్‌ని దాదాపుగా వదిలేయొచ్చు. ఖర్చు లేదు, పోయేదీ లేదు.

ఫార్మాట్ దాటాక కౌంటర్ అన్న చేతులు చకచకా కదులుతాయి. క్యాబినెట్ పక్క డోర్ తీస్తాడు. ర్యామ్ లాచ్‌లు విప్పి స్టిక్ బయటికి లాగి, బంగారు రంగు కాంటాక్టుల మీద పెన్సిల్ రబ్బరుతో అటూఇటూ రుద్దుతాడు. స్లాట్‌లోకి ఒకసారి ఊదుతాడు (నోటి తడి లోపలికి పోతుంది, బ్రష్ వాడితే మేలు). లాచ్‌లు టక్కుమనేదాకా నొక్కుతాడు. అప్పటికీ తేడా కనిపించకపోతే షెల్ఫ్‌లోంచి ఇంకో స్టిక్ తీసి పెడతాడు, ఆ తర్వాత ఇంకో ఎస్‌ఎమ్‌పీఎస్. దీన్ని చదువురాని పద్ధతి అనుకోవడం తప్పు. సిస్టమ్ నిజంగా పనిచేసే పరిస్థితిలోనే, నిజమైన బరువు మీదే పార్టుని నిలబెట్టి అడుగుతున్నాడు. ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేని జవాబు కొన్నిసార్లు అక్కడే దొరుకుతుంది.

కానీ ఆ జవాబుని మనం చదువుకునే తీరులో రెండు లొసుగులున్నాయి. మొదటిది, పార్టు మార్చినప్పుడు పార్టు ఒక్కటే మారదు. ర్యామ్ తీసి పెట్టడంలో కాంటాక్టులు శుభ్రపడతాయి. ఎస్‌ఎమ్‌పీఎస్ మార్చడంలో, ప్రాసెసర్ పక్కనుండే ఎనిమిది పిన్నుల కనెక్టర్ ఈసారి పూర్తిగా కూర్చుంటుంది. సిస్టమ్ బాగైపోతుంది, మంచి పార్టుకి చెడ్డపేరు వస్తుంది. అందుకే కొత్తది పెట్టి బాగైతే, పాతదాన్ని మళ్లీ పెట్టి చూడాలి. అప్పుడు క్రాష్ తిరిగొస్తేనే దోషం దానిదని చెప్పగలం. బాగైన సిస్టమ్‌ని మళ్లీ పాడుచేసి చూసే ఓపిక ఏ కౌంటర్‌లోనూ ఉండదు, కస్టమర్‌కీ ఉండదు.

రెండోది ఇంకా లోతైనది. క్రాష్ రాకపోవడాన్ని రుజువుగా ఎప్పుడు తీసుకోవాలి? సగటున మూడు రోజులకోసారి, ఒక లెక్కాపత్రం లేకుండా పడిపోయే సిస్టమ్ ఉందనుకుందాం. దాని మీద చెయ్యి కూడా వేయకపోయినా, ఏదో ఒక రోజు నిక్షేపంగా గడిచిపోయే అవకాశం నూటికి డెబ్బై పైనే. ఆ అవకాశం నూటికి అయిదుకి దిగాలంటే తొమ్మిది రోజులు వరసగా గడవాలి. దుకాణంలో ఒక సాయంత్రం నడిపి "ఓకే అయిపోయింది" అని పంపేస్తే తెలిసిందేమీ లేదన్నమాట. పార్టు మార్చేముందే, క్రాష్ సగటున ఎన్నాళ్లకోసారి వస్తోందో, అప్పుడు ఏ పని నడుస్తోందో, టైమెంతో ఒక కాగితం మీద రాసుకున్నవాడికి ఈ పద్ధతి పనికొస్తుంది. రాసుకోనివాడికి అది అదృష్టం మీద ఆధారపడిన ఖర్చు.

పరీక్షల పక్షం మొదలయ్యేది లాగ్‌లతో. విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే, క్రాష్ తర్వాత సిస్టమ్ మళ్లీ లేచిన టైమ్‌కి ఎర్ర గుర్తుతో "కెర్నెల్-పవర్ 41" అని కనిపిస్తుంది. పవర్ అనే మాట చూడగానే కొత్త ఎస్‌ఎమ్‌పీఎస్ కొనేసినవాళ్లు చాలామంది. ఆ ఎంట్రీ చెప్పేది ఒక్కటే, గతసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచిందని. ప్లగ్ పీకినా అదే వస్తుంది, రీసెట్ బటన్ నొక్కినా అదే వస్తుంది. దానికి కాస్త ముందూ వెనకా డబ్ల్యూహెచ్‌ఈఏ పేరుతో హార్డ్‌వేర్ ఎర్రర్ ఏమైనా నమోదైందా అన్నది చూడాలి. అది ఉంటే ప్రాసెసర్, బోర్డు, స్లాట్లు, వోల్టేజీల వైపు తిరగడానికి కారణం దొరికినట్టే.

ర్యామ్ విషయంలో మాత్రం పరీక్షదే పైచేయి. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని రాత్రి పడుకునేముందు నడిపితే, పొద్దున్నకి ఒక్క ఎర్ర గీత ఉన్నా మెమరీ వైపు ఏదో తప్పుందని తేలిపోతుంది. గూగుల్ తన సర్వర్ల మీద చేసిన అధ్యయనం 2009లో అచ్చయింది. ఏడాదిలో ఎనిమిది శాతానికి పైగా మెమరీ మాడ్యూళ్లలో తప్పులు కనిపించాయని అందులో ఉంది. విశ్వ కిరణాలు తగిలి ఎక్కడో ఒక బిట్ తిరగబడటం కన్నా, హార్డ్‌వేర్ లోపం వల్ల మళ్లీమళ్లీ వచ్చే తప్పులే ఎక్కువని కూడా వాళ్లు తేల్చారు. మళ్లీమళ్లీ వచ్చే తప్పు పరీక్షకి చిక్కే రకం. సర్వర్లలో ఈసీసీ మెమరీ ఉంటుంది కాబట్టి తప్పు జరిగితే వెంటనే తెలుస్తుంది. మన ఇళ్లలోని మామూలు డెస్క్‌టాప్‌లలో అది ఉండదు, బ్లూ స్క్రీన్ వచ్చేదాకా తప్పు జరిగినట్టే తెలియదు.

మార్చి చూసేవాళ్లకి అస్సలు దొరకని లోపాలు కూడా కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వాటిలో ఏ పార్టూ చెడిపోయి ఉండదు. ర్యామ్ డబ్బా మీద 6000 అని రాసుంటుంది. డీడీఆర్5 మొదలైనప్పటి ప్రామాణిక వేగం 4800. డబ్బా మీది వేగం కావాలంటే బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి, అది ప్రాసెసర్ కంపెనీల లెక్కలో ఓవర్‌క్లాకింగే. ఏఎమ్‌డీ రైజెన్ 7000 వరసకి రెండు స్టిక్‌లతో 5200 దాకా, నాలుగు స్టిక్‌లతో 3600 మాత్రమే అధికారిక హామీ. రెండు స్టిక్‌లతో హాయిగా నడుస్తున్న సిస్టమ్‌కి సేల్‌లో దొరికాయని ఇంకో రెండు తెచ్చి పెట్టి, 6000 అలాగే ఉంచితే పడిపోవడంలో వింతేమీ లేదు. నాలుగింటినీ విడివిడిగా పరీక్షిస్తే నాలుగూ మంచివే. అందుకే నా వరసలో మొట్టమొదటి పని ఎక్స్‌ఎమ్‌పీ ఆఫ్ చేసి, క్రాష్‌ల మధ్య సగటు గడువుకి మూడింతలు ఆగి చూడటం. రూపాయి ఖర్చు లేని మార్పిడి ఇది.

ఇక రెండు పక్షాలూ తడబడిన కథ ఒకటుంది. ఇంటెల్ 13, 14 తరాల కోర్ ఐ9, ఐ7 డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్నవాళ్లకి అన్‌రియల్ ఇంజిన్ గేములు మొదలవుతూనే పడిపోయేవి. స్క్రీన్ మీద వచ్చే సందేశం, వీడియో మెమరీ చాలలేదని. బోలెడంత మెమరీ ఉన్న ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు పెట్టుకున్నవాడికి కూడా అదే సందేశం. సహజంగానే అందరూ కార్డునీ డ్రైవర్‌నీ తిట్టారు. నిజానికి గేమ్ ఫైళ్లని విప్పే లెక్కలో ప్రాసెసర్ తప్పు చేస్తోంది, ఆ చెడిన డేటా ముందుకెళ్లి గ్రాఫిక్స్ దగ్గర బయటపడుతోంది. ఆ డేటాని విప్పే ఊడుల్ లైబ్రరీ తయారుచేసే రాడ్ గేమ్ టూల్స్ 2024లో ఈ సంగతి విడమర్చి చెప్పి, గ్రాఫిక్స్ కార్డు వదిలేసి బయోస్ సెట్టింగులు చూసుకోమంది.

సందేశాన్ని నమ్మి కార్డు మార్చినవాడి డబ్బు వృథా అయింది. మరి ప్రాసెసర్ మార్చినవాడు? కొత్త చిప్‌తో సమస్య మాయమైంది, కొన్నాళ్లకి కొందరికి మళ్లీ వచ్చింది. అవసరానికి మించిన వోల్టేజీ ప్రాసెసర్‌కి అందుతోందని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది, ఆగస్టులో ప్రాసెసర్ అడిగే వోల్టేజీని 1.55 వోల్టుల దగ్గర ఆపే మైక్రోకోడ్ బయోస్ అప్‌డేట్‌గా వచ్చింది. వేడికీ ఆ వోల్టేజీకీ లోపలి క్లాక్ సర్క్యూట్ త్వరగా వయసుమీరిపోతోందని తర్వాత వివరించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఏ అప్‌డేటూ వెనక్కి తేలేదు, దాన్ని మార్చాల్సిందే. అందుకే వారంటీ కూడా రెండేళ్లు పెంచింది. చిప్ మార్చి బయోస్ వదిలేసినా, బయోస్ మార్చి దెబ్బతిన్న చిప్ ఉంచుకున్నా పని సగమే.

పరీక్షలు గెలిచిన సందర్భం కావాలంటే 2016 జనవరి చూడండి. పెద్దపెద్ద ప్రధాన సంఖ్యల కోసం వెతికే ఔత్సాహికులు వాడే ప్రైమ్95 ప్రోగ్రామ్ ఇంటెల్ స్కైలేక్ చిప్‌ల మీద ఆగిపోతోందని వాళ్లే పట్టుకున్నారు. ఇంటెల్ లోపాన్ని ఒప్పుకుని బయోస్ ద్వారా సరిదిద్దింది. ఒక స్కైలేక్ తీసి ఇంకో స్కైలేక్ పెడితే ఏమీ తేలేది కాదు, లోపం డిజైన్‌లోనే ఉంది.

అలాగని పరీక్షల పక్షానికి దండవేసి ఊరుకోలేను. పరీక్ష తప్పితే ఆ మాట నమ్మొచ్చు, నెగ్గితే మాత్రం నమ్మడానికి లేదు. రాత్రంతా మెమ్‌టెస్ట్ శుభ్రంగా వెళ్లిన ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు వేడి పక్కన తగిలేసరికి తప్పు చేయొచ్చు. జనవరిలో అన్ని పరీక్షలూ నెగ్గిన సిస్టమ్, ఏప్రిల్ మధ్యాహ్నం ఖమ్మంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో నెగ్గాలని లేదు. ఇక ఎస్‌ఎమ్‌పీఎస్ దగ్గర సాఫ్ట్‌వేర్ పరీక్షలు దాదాపు చేతులెత్తేస్తాయి. స్క్రీన్ మీద 12 వోల్టుల లైన్ ఎంతుందో చూపించే అంకె మదర్‌బోర్డు సెన్సర్ సెకనుకి ఏ ఒకటి రెండు సార్లో ఇచ్చేది. ఆధునిక గ్రాఫిక్స్ కార్డు కరెంటు గుంజేది మైక్రోసెకన్లలో. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, ఎస్‌ఎమ్‌పీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు దాకా వంద మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని చెప్పడానికి కారణం ఇదే. ఆసిలోస్కోప్ లేని ఇంట్లో ఆ క్షణాన్ని ఎవరూ చూడలేరు. పక్కింటి కుర్రాడి మంచి ఎస్‌ఎమ్‌పీఎస్ వారం రోజులు అరువు తెచ్చుకోవడమే అక్కడ సరైన పరీక్ష.

గోడలోపలి సంగతి ఏ లాగ్‌లోనూ రాదు. మార్కెట్లో మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. కరెంటు ఉన్నంతసేపూ తేడా తెలియదు. గేమ్ మధ్యలో కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారగానే అది అంత బరువు మోయలేక కట్ చేసేస్తుంది. ఇంట్లో వాళ్లు సిస్టమ్ పాడైందంటారు. పాత ఇళ్లలో మూడో పిన్నుకి ఎర్తింగ్ తీగ కలిపి ఉందో లేదో చూడటం ఎలక్ట్రీషియన్‌కి అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల ముందు మదర్‌బోర్డు మార్చడం నాకు అర్థం కాని విషయం.

కాబట్టి నా మొగ్గు పార్టుని బట్టి మారుతుంది. మెమరీని పరీక్షించాలి, ఎస్‌ఎమ్‌పీఎస్‌ని మార్చి చూడాలి, ప్రాసెసర్‌ని అనుమానించేముందు బయోస్‌ని చూడాలి. మదర్‌బోర్డు ఆఖరున, దాన్ని మార్చడమంటే సిస్టమ్ మొత్తం విప్పి కట్టడమే కాబట్టి. వారంటీ దగ్గర కూడా పరీక్షకే విలువ. సర్వీస్ సెంటర్‌లో కాసేపు నడిపి, లోపం కనబడలేదని రాసి అదే స్టిక్ వెనక్కి ఇచ్చేస్తారు. మెమ్‌టెస్ట్ ఎర్ర గీతలకి ఫోన్‌తో తీసిన ఫొటో కౌంటర్ మీద పెడితే మాట వేరుగా ఉంటుంది.

ఇదంతా టైమ్ ఉన్నవాడి సంగతి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాణ్ని, ముహూర్తాలు వరసగా ఉన్న నెలలో తొమ్మిది రోజులు ఆగి చూడమంటే నవ్వుతాడు. ఆల్బమ్ ఎప్పుడిస్తావని పెళ్లికూతురి తండ్రి రోజూ ఫోన్ చేస్తుంటాడు. అతను ర్యామ్, ఎస్‌ఎమ్‌పీఎస్ రెండూ ఒకేసారి మార్పించుకుని పని మొదలెట్టడంలో తప్పు లేదు. రెండింటిలో ఏది పోయిందో తెలియకపోయినా గడువు దక్కుతుంది. పాతవి మాత్రం ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకుండా డబ్బాలో పెట్టుకోవాలి. ఆషాఢంలో ఎలాగూ బేరాలుండవు, ఆ ర్యామ్‌ని అప్పుడు ఒక రాత్రి మెమ్‌టెస్ట్‌కి పెట్టుకోవచ్చు.