వాళ్లు పోస్తే కాక్‌టెయిల్, మనం కాస్తే కేసు

పోస్టు కొంచెం పొడుగు, ఓపిక పట్టి చదవండి.

మొన్న ఫ్రెండు పుట్టినరోజని నలుగురం విశాఖలో కొత్తగా పెట్టిన ఒక టాకో రెస్టారెంటుకి వెళ్లాం. ఫోటో పెడితే మన అన్నలే కొందరు "ఆదివాసీ పిల్లలకి టాకోలు, కాక్‌టెయిళ్లు ఏటి? అంబలి మర్చిపోయారా?" అని రాశారు. అన్నలూ, కోపం తప్పు చోట చూపిస్తున్నారు.

టాకో అంటే ఏటి? మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, రుబ్బి, పలచటి రొట్టె కాల్చి, అందులో మాంసమో చిక్కుడు గింజలో పెట్టి మడిచి తినడం. ఆ రొట్టె మెక్సికో ఆదివాసులది. స్పెయిన్ వాళ్లు ఓడ దిగకముందు నుంచీ వాళ్ల కూడు అదే. దొరలొచ్చాక గోధుమ రొట్టె గొప్పదైంది, మొక్కజొన్న తక్కువైంది. హాస్టల్లో మన చోడి అంబలిని చూసి నవ్వలేదూ, అలాగే. 2010లో యునెస్కో ఆ వంటని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. అంచేత టాకో తింటే నేనేమీ దొరని అయిపోలేదు, దూరపు చుట్టాలింట్లో భోంచేసినట్టు.

నాకు ఒళ్లు మండింది మెనూ చూసి. "ట్రైబల్ స్టైల్" రాగి టాకో అట. మన చోళ్లే. కాక్‌టెయిళ్లలో ఒకదాంట్లో అరకు కాఫీ. నలుగురికి బిల్లు మూడు వేలు దాటింది. ఆ డబ్బుకి మా అమ్మ ఎన్ని రోజులు కాఫీ పళ్లు ఏరాలో లెక్క వేసుకుంటూ తిన్నాను, రుచి కూడా సరిగ్గా తెలీలేదు. మన కాఫీకి 2017లో పారిస్‌లో షాపు పెట్టారు, 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, 2025లో పార్లమెంటులో స్టాలు కూడా పెట్టారు. సంతోషమే. పేరు మనది. గల్లాపెట్టె ఎవరిది?

ఇప్పపువ్వు సంగతి చూడండి. గోవాలో 2018లోనే ఒక కంపెనీ ఇప్పసారాని అందమైన సీసాలో పోసి అమ్మింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం దానికి వారసత్వ మద్యం అని పేరు పెట్టింది. మన కొండ మీద అదే కాస్తే నాటుసారా, కుండ పగలగొట్టి కేసు. సారా మంచిదని నేను అనట్లేదు. మా పెదనాన్న దానికే పోయాడు, మా పెద్దమ్మ పడ్డ బాధ నేను చూశాను. కానీ పల్లెలో పాపం, పట్నంలో ఫ్యాషన్ అంటే ఒప్పుకోను. ఏం అమ్మాలి, ఏం ఆపాలి అన్నది ఊరు తేల్చాలి. 1996 పెసా చట్టం మత్తు పదార్థాల అమ్మకాన్ని ఆపే, అదుపు చేసే అధికారం గ్రామసభకి ఉండాలని చెప్తోంది. రిసార్టులో బారు పెట్టేటప్పుడు మీ ఊర్లో గ్రామసభ పెట్టి ఎవరైనా అడిగారా?

ఇక భూమి. 1/70 ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడికి భూమి పోకూడదు, గిరిజనుడు ఇష్టపడి అమ్మినా చెల్లదు. బొర్రా దగ్గర మైనింగ్ లీజుల మీద మొదలైన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు ప్రభుత్వానికి కూడా అదే రూలు అంది. ఇంత చట్టం ఉండగా అరకు రోడ్డు పొడుగునా ఇన్ని హోటళ్లు, రిసార్టులు ఎలా లేచాయి? పైవాళ్లని తిట్టడం తేలిక. బినామీకి సంతకం పెట్టినోడు మనోడే. పట్టా మన మామ పేరు మీద, క్యూఆర్ కోడు మైదానపోడిది. నెలనెలా కొంత చేతిలో పెడితే మామ నోరెత్తడు. బొంగులో చికెన్ మనది, బొంగు మన అడవిది, పొయ్యి దగ్గర పొగ మింగేది మన చెల్లెలు, కూలి మాత్రం రోజు లెక్క. అంబలి మర్చిపోయారా అని మమ్మల్ని అడిగిన అన్నలు ఈ మామల్ని ఒక్కసారైనా అడిగారా?

ఆ రెస్టారెంటులో మా టేబులు తుడిచిన తమ్ముడు మా మాటలు విని ఆదివాసీ ఒడియాలో పలకరించాడు. హుకుంపేట వైపు వాడు. బీఈడీ చేశాడు. ఏజెన్సీ టీచరు పోస్టులు మనకే అన్న జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది కదా, ఆ దెబ్బ తిన్నోళ్లలో ఒకడు. కిచెన్లో ఖాళీ దొరికినప్పుడు వంట నేర్చుకుంటున్నాడు, ఆ రాగి రొట్టె వేసేది తనేనట. "మరి మన దగ్గరే పెట్టొచ్చు కదరా?" అన్నాను. ప్లేట్లు ఎత్తుతూ, "రోడ్డు పక్క మా జాగా నాన్న ఎప్పుడో రాసిచ్చేశాడక్కా" అన్నాడు.

వచ్చే గ్రామసభకి నేను ఊరొస్తున్నాను. రోడ్డు పక్క ఏ జాగా ఎవరి పేరు మీద ఉంది, వ్యాపారం ఎవరు చేస్తున్నారు అని రాతపూర్వకంగా అడుగుతాను. 1/70 కింద ఫిర్యాదు రాయడం వచ్చినోళ్లు, మీ ఊర్లో కూడా అడుగుతామన్నోళ్లు ముందుకు రండి. మామలకి కోపం వస్తుంది, మా ఇంట్లో కూడా ఒక మామ ఉన్నాడు.