వార్త వరుసలో ఆగిపోతే?

పిల్లలూ! 2023 జూలై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. అలాంటి వేళ ఒక్క వాన వార్త ఎంత విలువైనదో మీకు వేరే చెప్పాలా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి బడులు వాన లెక్కలను ఒక విండోస్ కంప్యూటర్‌కు పంపుతున్నాయనుకోండి. ప్రోగ్రాము “వచ్చిందా, వచ్చిందా?” అని అదేపనిగా చూస్తుంటే ప్రాసెసర్ కాలమంతా వృథా. అంత అవసరం లేదు. లెక్క రాగానే తెలపమని విండోస్‌కు ముందే చెప్పవచ్చు. అప్పుడు విండోస్ ప్రోగ్రాము వరుసలో ఒక చీటీ వేస్తుంది.

అసలు చిక్కు ఆ తర్వాతే. జనగామ చీటీ తీసి, దానికి పటం గీయడం పూర్తయ్యేదాకా ప్రోగ్రాము మరో చీటీ ముట్టలేదనుకోండి. వెనకున్న భూపాలపల్లి వార్త పడిగాపులు కాయవలసిందే! మౌస్ నొక్కినా పలకదు. ఆ నొక్కులు కూడా అదే వరుసలోకి వస్తాయి మరి. 5 సెకన్లపాటు చీటీలు తీయని ప్రోగ్రామును ‘స్పందించడం లేదు’ అని విండోస్ లెక్కగడుతుంది.

“పాత కంప్యూటర్, కొత్తది కొనాలి” అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. వరద రోజున వార్తలు పదింతలైతే కొత్తదానికీ అదే గతి. చీటీలు తీసే పని ఆగకూడదు. పటం గీయడం వంటి పెద్ద పనిని థ్రెడ్ అనే మరో పనివాడికి అప్పగించాలి. దీనికి డబ్బు అక్కరలేదు, ఆలోచన చాలు. మీరు రాసే మొదటి ప్రోగ్రాములోనే ఈ అలవాటు చేసుకోండి.