ఎండుసీమకు ఈత యేల?

మన పాఠశాలయందు ఈత నేర్పవలెనని మేము ఉపాధ్యాయుల సభలో ప్రస్తావించినప్పుడు ప్రక్కనున్న మిత్రులు నవ్విరి. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు సీమలో, చిత్రావతి యిసుకమేటయై పడియుండు గోరంట్లలో, త్రాగునీటికే బిందెలు బారులు తీరు చోట, ఈత యెక్కడిదని వారి భావము. ఆ నవ్వునకు మేము కోపింపలేదు. నలువదియేండ్లు దాటినను మాకును ఈత రాదు.

కొన్నియేండ్ల క్రిందట వానలు బాగుగా కురిసినప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని యేటియొడ్డునకు పోయితిమి. ఇసుక తవ్విన గుంట నీటిక్రింద కానరాకుండెను. ఏడవ తరగతి బాలుడొకడు మోకాలిలోతేయని దిగి మునిగిపోయెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చిన బోధనపద్ధతులలో నొక్కటియు ఆ క్షణమున అక్కరకు రాలేదు. కేకలు వేయుచు గట్టున నిలిచితిమి. గొఱ్ఱెలు మేపుకొనుచున్న పిల్లవాడొకడు చేతికఱ్ఱ పాఱవైచి దుమికి, మునిగినవానిని జుట్టుపట్టి లాగికొనివచ్చెను. ఎక్కడ నేర్చితివిరా యని యడుగగా, "మా జేజినాయన కపిలబావిలో నడుముకు సొరబుర్ర కట్టి తోసినాడు సార్" అని చెప్పి, చెదరిన గొఱ్ఱెల వెంట పరుగెత్తెను. వాడు ఏ బడికిని పోవువాడు కాడు.

ఆ కపిలబావు లిప్పుడెన్ని మిగిలినవి? భూగర్భజలము క్రుంగి బావులెండెను. వాని స్థానమున బోరుబావులు వచ్చెను. బోరుబావి చేనిని తడుపునుగాని పిల్లలకు ఈత నేర్పజాలదు. అట్లని పాతకాలమంతయు మేలని మేమనుట లేదు. ఊరిబావిలో దిగుటకు హక్కులేని కుటుంబములవారును మన పాఠశాలలో చదివిరి. వారి తాతలకు సొరబుర్ర లేక కాదు, బావి లేక ఈత రాలేదు. ఆడుపిల్లలకు ఆ బావి యెన్నడును ఈతబడి కాలేదు.

నీరు తక్కువైన చోట అపాయమును తక్కువయని తలచుట పొరపాటు. నిత్యము నీటిని చూచువాడు దాని పోకడ నెఱుగును. ఏడేండ్లకొకసారి చూచువా డెఱుగడు. 2021 నవంబరులో ఇదే చిత్రావతి పొంగి, వరదలో చిక్కుకొన్న పదిమందిని వాయుసేనవారు హెలికాప్టరుతో తీసికొనిరావలసి వచ్చెను. ఆ యేడు ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి చనిపోయిరని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి 2024 నివేదిక చెప్పుచున్నది. వారిలో పిల్లలును పెక్కురు గలరు.

మనకు దక్షిణమున నూరు కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరమున బెంగుళూరు కలదు. అచ్చటి బసవనగుడి ఆక్వాటిక్ సెంటర్ అను సంఘమున ప్రదీప్ కుమార్ గారి శిక్షణలో నిషా మిల్లెట్ అను బాలిక పెరిగెను. ఆమె చరిత్రలో మేము విద్యార్థులకు చెప్పదలచినది పతకముల సంగతి కాదు. ఆమె అయిదేండ్ల ప్రాయమున కొలనులో మునుగబోయి బ్రదికినది. అట్టి బిడ్డను మన తల్లిదండ్రులైనచో మఱి నీటివైపు పోనిత్తురా? ఆమె తండ్రి మాత్రము, ఈత రావలసినదేయని పట్టుబట్టి, 1991లో మదరాసులోని షెణాయ్ నగర్ క్లబ్బులో నేర్పించెను. ఆ పిల్లయే 1999లో మణిపురమున జరిగిన జాతీయ క్రీడలలో 14 బంగారు పతకములు గెలిచి, 2000లో సిడ్నీ ఒలింపిక్సునకు పోయెను. నూరు మీటర్ల దూరమును నిమిషములోపుగా ఈదిన మొదటి భారతీయ వనిత యామెయే. అదే సంఘమునుండి శిఖా టాండన్ 2004లో ఏథెన్సునకు పోయెను. ఆ నగరముననే డాల్ఫిన్ ఆక్వాటిక్స్ అను మఱియొక సంఘమున సాధన చేసిన శ్రీహరి నటరాజ్, ధీనిధి దేసింఘు 2024లో ప్యారిసున ఈదిరి. ధీనిధికి అప్పుడు పదునాలుగేండ్లు, అనగా మన తొమ్మిదవ తరగతి పిల్లల యీడు.

అట్టి కొలను మనకును కావలెనని మేము కోరుటలేదు. ఏబది మీటర్ల పొడవు, ఇరువదియైదు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతుగల కొలనునకు 25 లక్షల లీటర్ల నీరు పట్టును. బిందెకు 15 లీటర్ల చొప్పున 1,66,000 పైచిలుకు బిందెలు! గోరంట్లలో అట్టిది నింపుట యవివేకము. బంగ్లాదేశపు పల్లెలలో మాత్రము చెరువునీటిలోనే వెదురుమంచె దించి, దానిలో పిల్లలకు కాలానినంత లోతున ఈత నేర్పుచున్నారు. ఈత నేర్చినంతమాత్రమున నీరు తఱుగదు. వానలు పడిన యేట చెక్‌డ్యాము వెనుకనో, సేద్యపుకుంటలోనో రెండు మూడు నెలలు నీరు నిలుచును. వెదురు, త్రాడు, గట్టిగా ఈదగల మనుష్యుడొకడు, గట్టున కావలికి మఱియొకడు చాలును. మంచె లేక, పెద్దలు లేక కుంటలో దిగువానికి మాత్రము మా మాట సెలవు కాదు. అట్టివాని చెవి మెలిపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము.

ఆడుపిల్లలకు వేఱు వేళ, స్త్రీ శిక్షకురాలు ఉండవలెను. వారిని విడిచి మగపిల్లలకే నేర్పుదమను సలహా మేము వినియున్నాము, దానిని ఒప్పము. నీట జాఱినపుడు కుంట ఆడుబిడ్డయని కనికరింపదు. మా పిల్లకు ఈడు మీఱినదని యొక తల్లి యనెను. హైదరాబాదు నివాసిని గోలి శ్యామల యను నామె నడివయసున నేర్చి, 2021 మార్చిలో సింహళముననుండి ధనుష్కోటివఱకు సముద్రమును 13 గంటల 43 నిమిషములలో ఈదెనని యా తల్లికి చెప్పితిమి. ఆమె నమ్మినట్లు తోపలేదు.

నేర్పువానిని గూర్చి యొక మాట. పట్టణమునుండి శిక్షకుని రప్పించు స్తోమత మనకు లేదు. మనయూర ఈత వచ్చిన గొఱ్ఱెలకాపరులు, సేద్యగాండ్రు కలరు. వారికి వేతనమిచ్చి, అయ్యా యని పిలిచి, మన పిల్లలను వారి చేతి కప్పగించుటకు చదువుకొన్నవారమగు మనకు నామోషి యుండగూడదు.

తల్లిదండ్రుల తదుపరి సభలో ఈ సంగతి పెట్టుదుము. ఆక్షేపణలున్నవారు దయచేసి యచ్చటనే తెలుపవలెను. నేర్చుకొనువారి పట్టికలో మొదటి పేరు మాదిగా వ్రాసియుంచితిమి. సొరబుర్రయు నొకటి ఎండబెట్టుచున్నాము.