ఎవరు చెప్పారని కాదు, ఎక్కడుందని అడుగుదాం

ఎన్నికలు దగ్గర పడితే చాలు, ప్రవాస తెలుగువారి వాట్సాప్ బృందాల్లో ఒక ప్రశ్న తప్పక వస్తుంది: "ఇక్కడి నుంచే మనం ఓటు వేయవచ్చా?" ఐదు నిమిషాల్లో పది జవాబులు వస్తాయి. అందులో ఎక్కువమంది చెప్పిందే చివరికి నిజంగా చలామణీ అవుతుంది.

నిజానికి ఈ జవాబు రహస్యమేమీ కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, వేరే దేశపు పౌరసత్వం తీసుకోని భారత పౌరులు ఫారం 6ఏ నింపి, పాస్‌పోర్టులోని భారతదేశ చిరునామా ఉన్న నియోజకవర్గంలో ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు మాత్రం స్వయంగా వెళ్ళి, పాస్‌పోర్టు చూపించి వేయాలి. ఓసీఐ కార్డుదారులకు ఓటు లేదు.

మరి గందరగోళం ఎక్కడిది? 2018 ఆగస్టులో ప్రవాసుల ప్రాక్సీ ఓటు బిల్లు లోక్‌సభలో నెగ్గింది. రాజ్యసభ ఆమోదం పొందకుండానే, 2019లో లోక్‌సభ రద్దుతో మురిగిపోయింది. నెగ్గిన వార్తను అందరూ పంచుకున్నారు, మురిగిపోయిన సంగతి ఎవరికీ పట్టలేదు. సైనికుల వంటి సర్వీసు ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్‌ను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపే ఏర్పాటు 2016లో వచ్చింది. వారు కూడా దాన్ని అచ్చు తీసి, ఓటు గుర్తించి, తపాలాలోనే తిరిగి పంపాలి. దీన్ని మనకు అన్వయించుకుంటే "ఆన్‌లైన్ ఓటు" పుట్టుకొస్తుంది. 2019 ఎన్నికల ముందు ఈ పుకారు ఎంత ముదిరిందంటే, అది అబద్ధమని ఎన్నికల సంఘమే ప్రకటించవలసి వచ్చింది.

నేను చూసినంతలో ఇలాంటి జవాబులు ఇచ్చేవారికి దురుద్దేశం ఉండదు. తోటివారికి సాయపడదామనే చెబుతారు. చిక్కల్లా వినేవారి లెక్కలో ఉంది. పదిమంది పంపిన ఒకే సందేశాన్ని పది సాక్ష్యాలుగా లెక్కిస్తున్నాం. పెద్ద ఉద్యోగంలో ఉన్నవారి మాటను చట్టం విషయంలోనూ ప్రమాణంగా తీసుకుంటున్నాం. రిపోర్టు చూడకుండా మందు రాయని డాక్టర్లు, లాగ్ చూడకుండా కోడ్ మార్చని ఇంజనీర్లు మనలో ఎందరో ఉన్నారు. రాజకీయాల దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమవుతోంది?

దీని నష్టం అందరికీ సమానం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారికి ఇది కాలక్షేపపు చర్చ. గల్ఫ్‌లో పనిచేసే కార్మికుడు ఆ మాట నమ్మి సెలవు పెట్టకుండా ఉండిపోతే, అయిదేళ్ళకోసారి వచ్చే ఓటు పోయినట్టే.

అందుకే నా మనవి. ఎవరైనా జవాబు చెబితే "ఎక్కడుంది, ఏ తేదీది?" అని మర్యాదగా అడుగుదాం. తెలిసినవారు ఎన్నికల సంఘం వెబ్‌సైటు చూసి, ఆ విషయాన్ని తేలిక తెలుగులో రాసి పెట్టాలి. తప్పని తేలితే, చెప్పిన చోటే దిద్దుకోవాలి. "నాకు తెలియదు, కనుక్కుని చెబుతాను" అనే సభ్యుణ్ణి తక్కువగా చూడవద్దు. ఆ బృందంలో అందరికంటే నమ్మదగినవాడు అతనే.