మార్కు 11:22లో ఉన్నది ‘దేవుని వంటి విశ్వాసం’ కాదు



ఈ మధ్య కొందరు ప్రసంగీకులు మార్కు 11:22 తీసి, ఇక్కడ మన తెలుగు బైబిలు సరిగా లేదంటున్నారు. గ్రీకులో ‘దేవుని విశ్వాసం’ అని ఉందట. అంటే దేవునికున్న వంటి విశ్వాసం మనకూ వస్తే నోటితో పలికినదల్లా జరుగుతుందట, రోగం పోతుందట, అప్పు తీరుతుందట. అమెరికాలో కెన్నెత్ హేగిన్ వంటివారు వ్యాపింపజేసిన బోధ ఇది. ఇప్పుడు ఫోన్లలో మన పల్లెలకూ వచ్చింది. గ్రీకు అనగానే మనవాళ్లు నోరెత్తరు. కాబట్టి ఆ గ్రీకులోకే వెళ్దాం.

అక్కడున్న మాటలు ‘ఎఖెతె పిస్తిన్ థెయూ’. ‘థెయూ’ అంటే ‘దేవుడు’ అనే మాటకు షష్ఠీ విభక్తి. మాటకు మాట పెడితే ‘దేవుని విశ్వాసం కలిగి ఉండండి’ అనే వస్తుంది, ఒప్పుకుంటాం. అయితే షష్ఠి చేసే పని ఒక్కటే కాదు. మన తెలుగే చూడండి. పాము విషం అంటే పాముకున్న విషం. అదే వరికోతల్లో పాము భయం ఉందంటే, పాము భయపడుతోందని ఎవరూ అనుకోరు. భయం మనది, పామును చూసి. గ్రీకులోనూ అంతే. రోమా 4:16లో అబ్రాహాము విశ్వాసం అంటే అబ్రాహాముకు ఉన్నది. అపొస్తలుల కార్యములు 3:16లో యేసు నామానికి అదే విభక్తి ఉంది. అక్కడ విశ్వసించేది నామం కాదు, ఆ నామం మీద విశ్వాసముంచిన మనుషులు.

గుణం చెప్పే షష్ఠి కూడా ఉందిగా అంటారు. ఉంది. లూకా 16:8లో ‘అన్యాయపు గృహనిర్వాహకుడు’ అలాంటిదే. కానీ అన్యాయం ఒక గుణం. దేవుడు గుణం కాదండీ, వ్యక్తి.

ఏ అర్థమో సందర్భమే తేల్చాలి. రెండు వచనాలు దాటితే, 24లో, యేసు ప్రార్థనలో అడగడం గురించే చెబుతున్నాడు. అడిగేవాడు మనిషి, ఇచ్చేవాడు దేవుడు. దేవుడు తనకంటే పైన ఎవరిని నమ్మి అడగాలి? పోనీ, ‘పిస్తిస్’ దేవునిదే అయిన చోటు కావాలంటే రోమా 3:3 ఉంది. అక్కడ దాని అర్థం ఆయన నమ్మకత్వం. మనుషులు నమ్మకపోయినా ఆయన మాట తప్పడని పౌలు వాదన.

ఒక్క విభక్తి మీద ఇంత గొడవ ఎందుకంటే, ఈ బోధ విని షుగరు బిళ్లలు మానేసినవారు మన చుట్టుపక్కలే ఉన్నారు. కాలికి పుండు పడితే ‘నీకింకా ఆ విశ్వాసం రాలేదు’ అంటారు. రోగమూ ఆమెదే, నిందా ఆమె మీదే. కానుక పట్టుకెళ్లినవాడు ఆసుపత్రికి రాడు. మార్కు 9:24లో తన అవిశ్వాసాన్ని ఒప్పుకుని ఏడ్చిన తండ్రిని ప్రభువు గద్దించలేదు, బిడ్డను బాగుచేశాడు. అది కూడా మార్కు రాసిందే. వీళ్లు ఆ పేజీ తిప్పరు.

ఇకమీదట ఎవరైనా ‘గ్రీకులో అలా ఉంది’ అంటే, అపొస్తలుల కార్యములు 3:16లో షష్ఠిని ఎలా చదువుతారో అడగండి. బిళ్లలు మానినవారు ఈ సోమవారమే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒంటరిగా వెళ్లలేకపోతే ఫోన్ చేయండి, మేమూ వస్తాం.