ఫోను తెరిచేది యెందుకు?

"అస్తమానం ఆ ఫోనులో యేముందిరా?" అని మా వీధి పెద్దాయన ఒకరు మొన్న పొద్దున మనవణ్ణి కోప్పడ్డారు. మధ్యాహ్నం చూస్తుము గదా, ఆయనే ఆ ఫోను చెవి దగ్గర పెట్టుకొని హరికథ వింటున్నారు!

సరే, అది కాలక్షేపమనే అనుకుందాం. కాని మన గోల్డ్ ఫీల్డ్సులో ఇంటర్నెట్టు అంతటితో ఆగలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డ తరువాత యెన్నో కుటుంబాలకు మారికుప్పం నుంచి పోయే బెంగుళూరు రైలే ఆధారమైంది. ఆ రైలు యెంత ఆలస్యమో పిల్లలు మంచం మీదనే తెలుసుకుంటున్నారు. ఉద్యోగాలు వెదికేదీ అందులోనే. కోలారు మార్కెట్టుకు టమాటా తోలే రైతు ముందుగా ధర చూచేదీ అందులోనే. చూచినంత మాత్రాన ధర పెరగదనుకోండి!

మా యింటి సంగతి వేరు. బెంగుళూరులో వున్న మా మేనకోడలు కన్నడ బడిలో చదివింది. తెలుగు మాట్లాడుతుంది గాని అక్షరాలు రావు. తన అవ్వకు, అంటే మా తల్లిగారికి, తెలుగు మాటలనే కన్నడ లిపిలో వ్రాసి పంపేది. ఆమెకు తెలుగు తప్ప వేరే లిపి చదవరాదు. మేము చదివి వినిపించేవాళ్లం. మా గొంతులో ఆమెకు తృప్తి లేకపోయింది. ఆ సంగతి తెలిసి పిల్ల యిప్పుడు మాటలే పంపుతున్నది.

"అవ్వా, తిన్నావా?" అన్న ఆ ఒక్క మాటను రోజుకు నాలుగు మార్లు పెట్టించుకొని వింటారు. కొత్తది వచ్చిందేమో చూడనిదే మమ్మల్ని ఆఫీసుకు కదలనివ్వరు.